వీధి తవ్వేలోపు, గుంత పూడ్చేలోపు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

మీ వీధిలో పాత మంచినీటి పైపులు తీసి కొత్తవి వేస్తారని, డ్రైనేజీ మారుస్తారని, ఆ తర్వాత రోడ్డు వేస్తారని కౌన్సిల్ నుంచి నోటీసు వచ్చిందనుకోండి. చాలామంది అందులో రెండే చూస్తారు: పని ఎప్పుడు మొదలవుతుంది, నీళ్లు ఎన్ని రోజులు రావు. నన్నడిగితే అంతకంటే ముఖ్యమైన రోజు ఇంకొకటుంది, మామూలుగా అది నోటీసులో ఉండదు. అది మీ ఇంటి ముందు గుంత పూడ్చే రోజు. అప్పటిదాకా పైపు ఎక్కడుందో, ఏది దేనికి కలిపారో, కింద ఏం పరిచారో కంటితో చూడొచ్చు. మట్టి పడ్డాక చూడాలంటే మళ్లీ తవ్వాల్సిందే. కాబట్టి అడగాల్సినవన్నీ ఆ లోపే అడగాలి.

నోటీసు రాగానే కౌన్సిల్ ఆఫీసుకు వెళ్లి ప్లాన్ డ్రాయింగ్ చూపించమనండి. మీ గేటు ముందు మురుగు లైను చాంబర్ (మూత ఉన్న తొట్టి) వస్తుందా, కరెంటు స్తంభం ఎక్కడికి జరుగుతుంది, రోడ్డు వెడల్పు గీత మీ ప్రహరీకి ఎంత దూరంలో ఉంది అన్నవి తెలిసేది అందులోనే. అభ్యంతరాలకు చివరి తేదీ ఇచ్చి ఉంటే, అది దాటకముందే కాగితం మీద రాసిచ్చి రసీదు తీసుకోండి. వీధిలో నిలబడి ఇంజనీరుతో మాట్లాడుకున్న మాట తర్వాత అక్కరకు రాదు. ఆయన ఎంత మంచివాడైనా రేపు బదిలీ అయిపోవచ్చు.

డ్రాయింగ్ ముందు పెట్టుకుని అడగాల్సిన మొదటి ప్రశ్న: భూమి కింద పనులన్నీ అయ్యాకే రోడ్డు వేస్తారా? నీళ్లు, మురుగు, గ్యాస్, కరెంటు, ఇంటర్నెట్ కేబుళ్లు చాలాచోట్ల వేర్వేరు సంస్థల చేతుల్లో ఉంటాయి. ఒకరి షెడ్యూలు ఒకరికి తెలియకపోతే, రోడ్డు వేసిన కొన్నాళ్లకే ఇంకొకరు వచ్చి దాన్ని కోస్తారు. కోసి అతుకు వేసిన రోడ్డు మళ్లీ మునుపటిలా ఉండదు. అతుకు అంచుల్లోంచి నీళ్లు దిగుతాయి, కింది పొర మెత్తబడుతుంది, అక్కడే గుంత పడుతుంది. వచ్చే రెండు మూడేళ్లలో ఈ వీధిలో ఎవరెవరికి పనులున్నాయో ముందే కనుక్కోమని వీధివాళ్లంతా కలిసి ఒకే ఉత్తరం రాయండి. విడివిడిగా వెళ్లి అడిగేదానికంటే దానికి బలం ఎక్కువ.

ఇక రోడ్డు ఎత్తు. దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే ఇందులో తప్పు జరిగితే తర్వాత సరిచేయించుకోవడం చాలా కష్టం. పాత రోడ్డును గీకి తీయకుండా దాని మీదే కొత్త పొర వేస్తూ పోతే ప్రతిసారీ రోడ్డు లేస్తుంది, ఇల్లు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఇంట్లోంచి వీధిలోకి పోయే వాన నీళ్లు కాస్తా వీధిలోంచి ఇంట్లోకి రావడం మొదలవుతుంది. పని మొదలవకముందే మీ గడప రోడ్డుకంటే ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలిచి, టేపు మీద అంకెలు కనబడేలా ఫోటో తీయండి. పని పూర్తయ్యాక రోడ్డు లెవెల్ ఎంత ఉంటుంది, పాత పొర తీస్తారా లేదా అన్నది రాతపూర్వకంగా అడగండి. రోడ్డు మధ్యలో ఎత్తుగా, అంచులకు వాలుగా ఉండాలి. తారు రోడ్డుకు మామూలుగా మీటరుకు 2 నుంచి 2.5 సెంటీమీటర్ల వాలు ఇస్తారు. అయితే ఆ వాలు చివర కాలువ నోరు తెరిచి ఉండాలి కదా! కాలువ గట్టు రోడ్డుకంటే ఎత్తుగా కడితే వాలు ఎంతున్నా నీళ్లు రోడ్డు మీదే నిలుస్తాయి. కాంక్రీటు పోయకముందు ఇది గంట పని, పోశాక ఎవరూ ముట్టుకోరు.

అదే పూట ఇంటి ఫోటోలు కూడా తీసి పెట్టుకోండి. గోడల్లో ఇప్పటికే ఉన్న పగుళ్లు, ప్రహరీ, మెట్లు, గేటు ముందున్న ర్యాంపు. రోలర్ల అదురుకు పగుళ్లు రావచ్చు. అది పాతదా కొత్తదా అన్న వాదన వచ్చినప్పుడు తేదీ ఉన్న ఫోటోయే మాట్లాడుతుంది.

భూమిలో మీ సొంత లైన్లు ఏమున్నాయో గుర్తు చేసుకోండి. అమెరికాలో తవ్వే ముందు నేల మీద రంగులతో గుర్తులు పెడతారు: కరెంటుకు ఎరుపు, గ్యాస్‌కు పసుపు, మంచినీటికి నీలం, మురుగుకు ఆకుపచ్చ, ఫోను, ఇంటర్నెట్ కేబుళ్లకు నారింజ. ఇలాంటి పద్ధతి ఉన్నచోట కూడా ఆ గుర్తులు ముఖ్యంగా సంస్థల లైన్లకే పెడతారు. మీరు గేటు దగ్గర లైటుకు వేసుకున్న వైరు, బోరు పైపు, ఎప్పుడో మూసేసిన సెప్టిక్ ట్యాంకు వాళ్ల రికార్డుల్లో ఉండవు. జేసీబీ వచ్చేలోపు సూపర్‌వైజర్‌ని పిలిచి చోటు చూపించండి. వైరు ఎక్కడ పోయిందో మీకే సరిగ్గా గుర్తులేకపోతే ఆ మాటే చెప్పండి. అప్పుడు అక్కడ యంత్రం వాడకుండా చేత్తో తవ్వమని అడగొచ్చు.

ఇంట్లో మంచం పట్టినవాళ్లు, తరచూ డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు, కరెంటుతో నడిచే ఆక్సిజన్ యంత్రం మీద ఉన్నవాళ్లు ఉంటే ఆ సంగతి కౌన్సిల్‌కీ కాంట్రాక్టర్‌కీ ముందే రాసి ఇవ్వండి. గుంత మీద పలక వేసి దారి ఉంచుతారా, అంబులెన్స్ ఎటు నుంచి వస్తుంది, కరెంటు తీసే ముందు ఫోన్ చేస్తారా అన్నవి తేల్చుకోండి. కారు కూడా ముందురోజు రాత్రే వీధి బయట పెట్టుకోవడం మేలు.

గుంత తెరిచాక పిల్లల్ని దాని దగ్గరికి పోనివ్వకండి. ఇది మామూలుగా చెప్పే మాట కాదు. ఒక ఘనమీటరు మట్టి బరువు సుమారు ఒకటిన్నర టన్నులు, అంటే ఒక కారంత. కందకం గోడ కూలేముందు ఏ హెచ్చరికా ఇవ్వకపోవచ్చు. ఛాతీ దాకా పూడుకుపోయినా ఊపిరి అందదు. అమెరికా భద్రతా నిబంధనల ప్రకారం, గట్టి రాతినేల అయితే తప్ప, 5 అడుగులు లేదా అంతకు మించి లోతున్న కందకం గోడలకు ఊతం పెట్టాలి, లేదా వాలుగా తవ్వాలి. తవ్విన మట్టిని అంచుకు కనీసం 2 అడుగుల దూరంలో పోయాలి. మీ వీధిలో నిలువెత్తు గుంతలో ఏ ఊతమూ లేకుండా మనుషులు దిగి పనిచేస్తుంటే, అది వాళ్ల గొడవ అని ఊరుకోకండి. సూపర్‌వైజర్‌కి చెప్పండి, వినకపోతే కౌన్సిల్‌కి ఫోన్ చేయండి. వాన పడిన మర్నాడు ఇంకా జాగ్రత్త, తడిసిన గోడ త్వరగా జారుతుంది. రాత్రి కంచె, లైటు లేకపోతే అవి పెట్టేదాకా అడుగుతూనే ఉండండి.

మ్యాన్‌హోల్‌లో ఎవరైనా పడిపోతే కాపాడదామని వెంటనే దిగడం ఇంకో ప్రాణం పోగొట్టుకోవడమే. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ తక్కువ మోతాదులో కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది, ఎక్కువైతే ముక్కుకు ఆ వాసన పట్టే శక్తే పోతుంది. వాసన లేదు కదా అని దిగకూడదు. పైనుంచే అగ్నిమాపక దళానికి ఫోన్ చేయండి.

యంత్రం కరెంటు తీగకు తగిలితే కనీసం 10 మీటర్లు దూరంగా ఉండండి. అప్పటికే దగ్గర్లో ఉంటే పెద్ద అంగలు వేయకండి. రెండు పాదాలూ నేలను వదలకుండా, పక్కపక్కనే ఉంచి కొద్దికొద్దిగా జరుపుకుంటూ వెళ్లాలి. నేలలో ఒక్కోచోట ఒక్కో వోల్టేజీ ఉంటుంది, కాళ్లు దూరంగా పెడితే ఆ తేడా ఒంట్లోంచి ప్రవహిస్తుంది.

గ్యాస్ వాసన విషయంలో మొహమాటం అసలు వద్దు. 1992 ఏప్రిల్ 22న మెక్సికోలోని గ్వాదలహార నగరంలో మురుగు కాలువలు వరసగా పేలి, వీధులకు వీధులే చీలిపోయి, 200 మందికి పైగా చనిపోయారు. భూమిలో ఒక మంచినీటి పైపును పెట్రోలు పైపుకు మరీ దగ్గరగా వేశారు. రెండు లోహాల మధ్య తుప్పు పుట్టి పెట్రోలు పైపుకు చిల్లు పడింది, పెట్రోలు మురుగు కాలువల్లోకి చేరింది. అక్కడివాళ్లు అంతకు కొన్ని రోజుల ముందు నుంచే వాసన వస్తోందని చెబుతూనే ఉన్నారు. బెల్జియంలోని గిలెంగియన్‌లో 2004 జులై 30న గ్యాస్ పైపులైన్ పేలి 24 మంది చనిపోయారు. అంతకుముందు జరిగిన నిర్మాణ పనుల్లో యంత్రం తగిలి ఆ పైపు దెబ్బతింది. తగిలిన రోజే పేలలేదు.

అందుకే జేసీబీ పన్ను ఏ పైపుకైనా గీసుకున్నట్టు కనబడితే, "ఏం కాలేదులే" అని మట్టి కప్పేయనివ్వకండి. ఆ పైపు ఎవరిదో వాళ్లు వచ్చి చూసేదాకా గుంత తెరిచే ఉండాలి. ఇంట్లో వాసన వస్తే స్విచ్ వేయకండి, ఆర్పకండి. కిటికీలు తెరిచి అందరూ బయటికి రండి, దూరంగా వెళ్లాకే ఫోన్ చేయండి. ఇంకో సంగతి కూడా తెలిసి ఉండాలి. గ్యాస్‌కు ఆ వాసన విడిగా కలుపుతారు, మట్టిలోంచి పాకి వచ్చేటప్పుడు మట్టి దాన్ని కొంత పీల్చేసుకోవచ్చు. పక్కింటివాళ్లకు వాసన వచ్చి మీకు రాలేదంటే, మీ ఇంట్లో గ్యాస్ లేదని అనుకోవడానికి లేదు.

నీళ్ల సంగతికి వస్తే, సరఫరా ఆగేలోపు తాగడానికి, వంటకు సరిపడా పట్టుకుని మూతపెట్టి ఉంచుకోవడం అందరికీ తెలిసిందే. తెలియకుండా జరిగే తప్పులు వేరే ఉన్నాయి. నీళ్లు ఆగాక కొళాయి తెరిచి చూసి, కట్టేయడం మరిచి ఊరెళ్లిపోతారు. బకెట్లో ముంచిన గొట్టాన్ని అలాగే వదిలేస్తారు, లైనులో ఒత్తిడి పడిపోయినప్పుడు బకెట్లో మురికి నీళ్లు పైపులోకి వెనక్కి పోతాయి. అన్నిటికంటే ప్రమాదం, లైనుకు నేరుగా మోటార్ బిగించి లాగడం. పైపు అతుకులు మురుగు నీళ్లలో నానుతున్న రోజుల్లో మోటార్ వేస్తే, నీళ్లతో పాటు ఆ గుంతలోని మురికి కూడా లోపలికి వస్తుంది. అది మీ ఒక్క ఇంటికే కాదు, వీధి అందరికీ చేరుతుంది. పని సాగినన్నాళ్లూ ఎవరూ మోటార్ వేయకూడదని వీధివాళ్లంతా కూర్చుని అనుకోండి.

నీళ్లు తిరిగి వచ్చిన రోజు ముందు చన్నీళ్ల కొళాయి తెరిచి, తేటగా వచ్చేదాకా వదిలేయండి. కొళాయి మూతికి ఉండే జల్లెడను విప్పి కడగండి. గీజర్, వాషింగ్ మెషీన్ ఆ తర్వాతే. తాగే నీళ్లు తెర్లకాగిన తర్వాత ఒక నిమిషం కాగనివ్వాలి, సముద్రమట్టానికి 2,000 మీటర్ల పైన ఉండేవాళ్లయితే మూడు నిమిషాలు. పాత సీసపు పైపులున్న ఇళ్లలో కాచినా లాభం లేదు. తవ్వకాల కుదుపుకు పైపు లోపలి పొర ఊడి సీసం నీళ్లలో కలుస్తుంది, మరిగిస్తే అది పోదు. అలాంటిచోట పరీక్ష చేయించేదాకా వేరే నీళ్లే తాగాలి.

తేటగా కనబడితే చాలదు. 2007 నవంబరులో ఫిన్లాండ్‌లోని నోకియా పట్టణంలో, మురుగు శుద్ధి కేంద్రం దగ్గర మంచినీటి లైనుకూ శుద్ధిచేసిన మురుగునీటి లైనుకూ మధ్య ఉన్న వాల్వు ఒక నిర్వహణ పని తర్వాత తెరిచి ఉండిపోయింది. వేలమంది జబ్బుపడ్డారు. కొత్త కనెక్షన్లు ఇచ్చాక నీళ్ల శాంపిల్ ఎప్పుడు తీశారు, ఫలితం ఏమొచ్చిందో చూపించమని అడగండి. మీ వీధిలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వాంతులు, విరేచనాలు మొదలైతే ఆ రోజే కౌన్సిల్‌కి చెప్పండి.

చెట్లున్న వీధిలో ఒక్క మాట. చెట్టు మొదలు ఎంత మందం ఉంటే దానికి 12 రెట్ల దూరం వరకు వేర్లను దెబ్బతీయకుండా కాపాడాలని బ్రిటిష్ ప్రమాణం చెబుతుంది. 30 సెంటీమీటర్ల మందమున్న చెట్టుకు 3.6 మీటర్లు. ఒక పక్క వేర్లన్నీ తెగిన చెట్టు ఆ తర్వాతి గాలివానకు ఇంటి మీద పడొచ్చు.

ఇక పూడ్చే రోజు. కుదిరితే ఆ పూట ఇంట్లో ఉండండి, లేదా వీధిలో ఒకరికి అప్పజెప్పండి. మంచినీటి పైపు పైన, మురుగు పైపు కింద ఉండాలి, రెండింటి మధ్య ఎడం ఉండాలి. అమెరికాలో పలు రాష్ట్రాలు పాటించే ప్రమాణంలో అవి పక్కపక్కనే పోతే 10 అడుగులు, ఒకదాన్నొకటి దాటేచోట 18 అంగుళాలు. ఇరుకు వీధిలో అంత కుదరకపోతే బదులుగా ఏం చేశారని అడగండి. మీ ఇంటి మురుగు పైపును కొత్త లైనుకు కలిపారో లేదో కళ్లారా చూడండి. పాత లైను మూసేసి ఏదో ఒక ఇంటిని కలపడం మరిచిపోతే అది బయటపడేది ఆ ఇంటి బాత్రూంలో మురుగు ఎగదన్నినప్పుడే. బకెట్ నీళ్లు పోసి అవతల చాంబర్‌లో పడుతున్నాయేమో చూస్తే తేలిపోతుంది. గోడ మూల నుంచి పైపుకు దూరం, లోతు కొలిచి, టేపుతో పాటు ఫోటోలు తీసి దాచండి. ఇంకోసారి ఎవరు తవ్వినా అవి పనికొస్తాయి.

మట్టిని ఒకేసారి కుమ్మరించి పైన రోలర్ తిప్పితే కింద బోలుగా ఉండిపోతుంది. సుమారు అడుగుకు మించని పొరలుగా వేసి, ఒక్కో పొరనూ దట్టించాలి. పైపు చుట్టూ రాళ్లు లేని మెత్తటి మట్టి గానీ ఇసుక గానీ ఉండాలి. ఇవి చేయకపోతే మొదటి వానలకే రోడ్డు కుంగుతుంది. కాంట్రాక్టర్ తన ఖర్చుతో మరమ్మతు చేయాల్సిన గడువు ఎంతో, ఏ తేదీతో ముగుస్తుందో పని ముగిసిన రోజే రాయించుకోండి. ఆ గడువు ముగియడానికి నెల ముందు వీధంతా ఒకసారి నడిచి చూసి, కుంగినచోటల్లా ఫోటో తీసి, కంప్లైంట్ ఇచ్చి నంబరు తీసుకోండి.