మైక్రోప్రోబ్‌లో టోటల్ కుదరనప్పుడు: ఏ లక్షణానికి ఏ కారణం, ఎలా సరిచేయాలి

ఎలక్ట్రాన్ మైక్రోప్రోబ్ (ఖనిజం మీద ఎలక్ట్రాన్ బీమ్ వేసి, వచ్చే ఎక్స్-రేలతో మూలకాలను కొలిచే యంత్రం) ముందు కూర్చున్న ఎవరి కళ్లైనా ముందు వెళ్లేది టోటల్ మీదికే, అంటే ఆక్సైడ్ల బరువు శాతాల మొత్తం మీదికే. 99.6 కనిపిస్తే హమ్మయ్య అనుకుంటారు, 96 కనిపిస్తే కాలిబ్రేషన్ మళ్లీ మొదలుపెడతారు. రెండూ తొందరపాటే. ఎక్కడో తేడా ఉందని మాత్రమే టోటల్ చెబుతుంది, ఎక్కడుందో చెప్పదు. అది తెలియాలంటే ఆక్సైడ్లను కేటయాన్లుగా (ధనావేశ అయాన్లుగా) మార్చి, స్ఫటికంలో ఏ సైట్‌లో ఎంత కూర్చుందో చూడాలి. ఈ గైడ్‌లో ప్రతి సమస్యనూ ఆ లెక్కతోనే విప్పుతాం. వేరే చెప్పని చోట 15 కిలోవోల్టులు, 20 నానోయాంపియర్లు, వేవ్‌లెంగ్త్ స్పెక్ట్రోమీటర్లు (ఎక్స్-రేలను క్రిస్టల్‌తో తరంగదైర్ఘ్యాల వారీగా విడదీసేవి) అనుకోండి.

టోటల్ తక్కువ, ఫార్ములా మాత్రం చక్కగా ఉంది

తూర్పు కనుమల ఖొండలైట్ రాయిలో దొరికే గార్నెట్‌లో ఆల్మండైన్ (ఇనుము-అల్యూమినియం గార్నెట్) పాలు ఎక్కువ కాబట్టి శుద్ధ ఆల్మండైన్‌నే ఉదాహరణగా తీసుకుందాం. దానిలో సిలికా 36.21, అల్యూమినా 20.48, ఫెర్రస్ ఆక్సైడ్ 43.30 ఉండాలి. మీకు 34.76, 19.66, 41.57 వచ్చాయి, టోటల్ 95.99. 12 ఆక్సిజన్లకు లెక్కిస్తే సిలికాన్ 3.00, అల్యూమినియం 2.00, ఇనుము 3.00. అంటే అన్ని మూలకాలూ ఒకే నిష్పత్తిలో తగ్గాయి. స్టాండర్డుల్లో (కూర్పు ముందే తెలిసిన పోలిక నమూనాల్లో) తప్పు వెతకడం దండగ. నమూనాకు చేరే బీమ్‌లోనో, బయటికొచ్చే ఎక్స్-రేల దారిలోనో లోపం ఉంది.

మొదట ఫారడే కప్‌లో (బీమ్ కరెంటు కొలిచే చిన్న గిన్నెలో) కరెంటు చూడండి. కాలిబ్రేషన్ నాటికీ ఇప్పటికీ 1 శాతం కంటే ఎక్కువ తేడా ఉంటే, ప్రతి పాయింటుకూ కరెంటు కొలిచి కౌంట్లను దానితో భాగించేలా సెట్ చేయండి. పూట మొదట్లో ఒక్కసారి కొలిచి వదిలేస్తే ఫిలమెంట్ మెల్లగా జారడం ఎవరికీ కనబడదు.

కరెంటు బాగుంటే చార్జింగ్‌ను అనుమానించండి. దీనికి ఈడీఎస్ (ఎక్స్-రేలను శక్తి వారీగా చూపే డిటెక్టర్) స్పెక్ట్రమ్‌ను మించిన సాక్షి లేదు. స్కేలును 20 కిలోఎలక్ట్రాన్‌వోల్టుల దాకా పెంచి, బ్యాక్‌గ్రౌండ్ ఎక్కడ నేలకు దిగుతోందో చూడండి. దీన్నే డ్వేన్-హంట్ హద్దు అంటారు. 15 కిలోవోల్టుల బీమ్‌కు అది 15 దగ్గర ఆగాలి. 13 దగ్గరే ఆగిందంటే నమూనా మీద చార్జి పేరుకుని, ఎలక్ట్రాన్లు 13 శక్తితోనే తగులుతున్నాయి. ఇలాంటప్పుడు సిలికాన్ కంటే ఇనుము ఎక్కువగా పడిపోతుంది, ఎందుకంటే ఇనుము కె-లైన్ అనే ఎక్స్-రేను లేపడానికే 7.1 కిలోఎలక్ట్రాన్‌వోల్టులు కావాలి. కార్బన్ పూత నమూనా మీద ఉండొచ్చు, కానీ ఎపాక్సీ అంచు దాటి లోహపు హోల్డర్‌ను తాకకపోతే లేనట్టే. పూత నుంచి హోల్డర్ దాకా కార్బన్ టేపు గానీ సిల్వర్ పెయింట్ గానీ వంతెనలా వేయండి. పెయింట్ పూర్తిగా ఆరాకే వాక్యూమ్‌లో పెట్టండి.

పూత మందం సంగతి వేరు. స్టాండర్డులకూ నమూనాకూ మందం ఒకటే ఉండాలి, మామూలుగా 20 నానోమీటర్లు. కోటింగ్ వేసేటప్పుడు నమూనా పక్కనే అద్దంలా పాలిష్ చేసిన ఇత్తడి ముక్క పెట్టండి. పూత పెరిగేకొద్దీ దాని రంగు నారింజ నుంచి ఊదాఎరుపుకు, ఆ తర్వాత నీలానికి మారుతుంది. 20 దగ్గర ఊదాఎరుపు కనిపిస్తుంది. పూర్తి నీలానికి వెళ్లిందంటే ఎక్కువైనట్టే. మందం ఎక్కువైతే సోడియం, మెగ్నీషియం లాంటి తేలిక మూలకాలే ఎక్కువ నష్టపోతాయి. ఇనుము తగ్గితే చార్జింగ్, సోడియం తగ్గితే పూత లేదా వాలు: ఈ ఒక్క తేడా గుర్తుంటే సగం వెతుకులాట తప్పుతుంది.

వాలు అంటే థిన్ సెక్షన్ హోల్డర్‌లో సమంగా కూర్చోకపోవడం. నాలుగు మూలల్లో ఆప్టికల్ మైక్రోస్కోప్‌తో ఫోకస్ చేసి స్టేజ్ ఎత్తులు రాసుకోండి. ఎత్తు ఒక వైపు నుంచి మరో వైపుకు క్రమంగా మారుతుంటే తీసి మళ్లీ బిగించండి. ఎక్స్-రేలు 40 డిగ్రీల కోణంలోనే బయటికి వస్తున్నాయని కరెక్షన్ సాఫ్ట్‌వేర్ నమ్ముతుంది. వాలు ఆ నమ్మకాన్ని చెడగొడుతుంది. ఇక ఫోకస్‌ను ప్రతి పాయింటు దగ్గరా ఆప్టికల్ మైక్రోస్కోప్‌తోనే చూసుకోవాలి. ఎలక్ట్రాన్ బొమ్మ పదునుగా ఉన్నంత మాత్రాన ఆ బిందువు రోలాండ్ వృత్తం (స్పెక్ట్రోమీటర్ ఎక్స్-రేలను కేంద్రీకరించే వృత్తం) మీద ఉన్నట్టు కాదు.

టోటల్ తక్కువ, కేటయాన్లు మొత్తం 8, అయినా తప్పే

అదే ఆల్మండైన్‌లో సిలికా 36.21, ఫెర్రస్ ఆక్సైడ్ 43.30 సరిగ్గా వచ్చి, అల్యూమినా మాత్రం 16.48 వచ్చిందనుకోండి. టోటల్ మళ్లీ 95.99. కేటయాన్లు కూడితే కచ్చితంగా 8.00! చాలామంది ఇక్కడే మోసపోతారు. గార్నెట్‌లో 8 కేటయాన్లకు 12 ఆక్సిజన్లు, అంటే ఒక్కోదానికి 1.5. అల్యూమినాలోనూ అదే నిష్పత్తి. కాబట్టి అల్యూమినియం ఎంత పోయినా మొత్తం 8 దగ్గర కదలదు. విడివిడిగా చూస్తే సిలికాన్ 3.15, అల్యూమినియం 1.69, ఇనుము 3.15. సిలికాన్ 3.02 దాటిన గార్నెట్‌ను నమ్మొద్దు.

ఒక్క మూలకమే తప్పితే, అది ఉన్న స్పెక్ట్రోమీటర్ దగ్గరికి వెళ్లండి. అల్యూమినియం టీఏపీ అనే స్పెక్ట్రోమీటర్ క్రిస్టల్ మీద, గ్యాస్ ప్రవహించే కౌంటర్‌తో కొలుస్తాం. ఆ గ్యాస్‌లో 90 పాళ్లు ఆర్గాన్, 10 పాళ్లు మీథేన్. సిలిండర్ అడుగంటినా, కొత్తది మార్చినా, గ్యాస్ పీడనం మారినా కౌంటర్ గెయిన్ (సిగ్నల్‌ను పెంచే పాళ్లు) జారుతుంది. పల్స్ హైట్ విండో (లెక్కలోకి తీసుకునే పల్సుల ఎత్తుల హద్దులు) ఇరుగ్గా పెట్టి ఉంటే, జారిన పల్సుల్లో కొన్ని విండో బయట పడిపోతాయి. పల్స్ హైట్ స్కాన్ తీసి, శిఖరం విండో మధ్యలో ఉందో లేదో చూడండి. పక్క మూలకాల అడ్డు లేని చోట విండోను వెడల్పుగా, ఇంటిగ్రల్ మోడ్‌లో (పై హద్దు లేకుండా) ఉంచితే ఈ బెడద ఉండదు. ఆ తర్వాత పీక్ సెర్చ్ మళ్లీ చేసి, ఆ ఒక్క మూలకానికే కాలిబ్రేషన్ చేయండి, మిగతావాటిని కదపొద్దు.

ఫెల్డ్‌స్పార్‌లో సోడియం కరిగిపోతోంది

ఆల్బైట్‌లో (సోడియం ఫెల్డ్‌స్పార్‌లో) సోడియం ఆక్సైడ్ 11.82 ఉండాలి. మీకు 10.5 వచ్చి, సిలికా, అల్యూమినా కాస్త పెరిగి, 8 ఆక్సిజన్లకు కేటయాన్లు 5 కంటే తక్కువగా తేలితే, బీమ్ వేడికీ విద్యుత్ క్షేత్రానికీ సోడియం ఆ బిందువు వదిలి వెళ్లిపోతోంది. నిర్ధారణ తేలిక: కొత్త బిందువు మీద బీమ్ తెరిచి, 5 సెకన్లకొకసారి చొప్పున ఒక నిమిషం పాటు సోడియం కౌంట్లు రాసుకోండి. గీత కిందికి వంగితే అనుమానం లేదు.

సోడియాన్ని టీఏపీ మీద మొట్టమొదట లెక్కించండి. కరెంటు 10 నానోయాంపియర్లకు దించి, బీమ్‌ను 5 నుంచి 10 మైక్రాన్లకు వెడల్పు చేయండి. సోడియం ఎక్కువున్న గాజుకు ఇది కూడా చాలదు. 10 నుంచి 20 మైక్రాన్లు, 2 నుంచి 5 నానోయాంపియర్లు పెట్టి, కౌంట్ల గీతను సున్నా సెకను దాకా వెనక్కి పొడిగించే కరెక్షన్ వాడండి.

చార్నొకైట్ రాయిలోని పెర్థైట్ దగ్గర అసలు చిక్కు వస్తుంది. సన్నని ఆల్బైట్ పొరలు పొటాషియం ఫెల్డ్‌స్పార్‌లో అల్లుకుని ఉంటాయి. బీమ్ వెడల్పు చేస్తే రెండూ కలిసిపోతాయి, సన్నం చేస్తే సోడియం పోతుంది. పైగా రెండు ఫెల్డ్‌స్పార్లు కలిసినా కేటయాన్లు 5, టోటల్ 100 వస్తాయి. ఇక్కడ లెక్క మిమ్మల్ని కాపాడదు, కళ్లే కాపాడాలి. బ్యాక్‌స్కాటర్ బొమ్మలో (వెనక్కి తిరిగొచ్చే ఎలక్ట్రాన్లతో తీసేది) కాంట్రాస్ట్ బాగా పెంచండి: పొటాషియం వైపు తెల్లగా, ఆల్బైట్ వైపు నల్లగా తేలుతుంది. పొర వెడల్పు 5 మైక్రాన్లకు లోపే ఉంటే బీమ్‌ను సన్నగానే ఉంచి, కరెంటును 2 నుంచి 5 నానోయాంపియర్లకు దించి, ఆ సున్నా సెకను కరెక్షన్‌నే ఆశ్రయించండి.

టోటల్ తక్కువే, కానీ అది తప్పు కాదు

దీన్ని “సరిచేయాలని” చూసి మంచి డేటాను పాడుచేసుకోవద్దు. అభ్రకంలో, యాంఫిబోల్‌లో, క్లోరైట్‌లో నీరు ఉంటుంది, ప్రోబ్‌కు హైడ్రోజన్ కనబడదు. యాంఫిబోల్ 97-98, బయొటైట్, మస్కొవైట్ 94-96, క్లోరైట్ 85-88 దగ్గర ఆగడం సహజం. గూడూరు వైపు నుంచి తెచ్చిన మస్కొవైట్‌కు 99 వచ్చిందంటే సంతోషించకండి, ఏదో ఎక్కువ లెక్కపడింది. ఫ్లోరిన్ కొలిచినప్పుడు దాని శాతాన్ని 0.421తో, క్లోరిన్ శాతాన్ని 0.226తో గుణించి, ఆ మొత్తాన్ని టోటల్ నుంచి తీసేయడం మరవొద్దు.

ఇనుము సంగతి కూడా ఇంతే. ప్రోబ్ ఇనుమును లెక్కిస్తుంది గానీ ఫెర్రస్, ఫెర్రిక్ తేడా చెప్పదు. మాగ్నటైట్‌లో ఉన్నదంతా ఫెర్రస్ ఆక్సైడ్‌గా రాస్తే 93.1 దగ్గర, హెమటైట్‌లో 90.0 దగ్గర ఆగుతుంది. మాగ్నటైట్‌కు ఆ 93.1లో మూడింట రెండు వంతులు, అంటే 62.06ను 1.1113తో గుణిస్తే ఫెర్రిక్ ఆక్సైడ్ 68.97. మిగిలిన 31.03 కలిపితే 100. మిగతా స్పినెల్, పైరాక్సీన్‌లలో చార్జి సమతూకం నుంచి ఫెర్రిక్‌ను లెక్కించవచ్చు, కానీ అన్ని మూలకాల్లోని పొరపాట్లూ ఆ ఒక్క సంఖ్యలోకి వచ్చి చేరతాయి. సిలికాన్‌లో చిన్న తప్పున్నా ఫెర్రిక్ అటూ ఇటూ ఊగుతుంది. అందుకే దాన్ని కొలతగా కాక అంచనాగానే రాయండి.

లేని మూలకం కనిపిస్తోంది

భీమిలి తీరపు ఇసుకలోని ఇల్మనైట్‌లో వనేడియం ఎక్కువగా వచ్చిందా? టైటానియం కె-బీటా, వనేడియం కె-ఆల్ఫా అనే ఎక్స్-రే లైన్లు దాదాపు ఒకే చోట పడతాయి. ఇదే వరసలో వనేడియం కె-బీటా క్రోమియం మీద, క్రోమియం కె-బీటా మాంగనీస్ మీద, ఇనుము కె-బీటా కోబాల్ట్ మీద పడతాయి. వనేడియం లేని శుద్ధ రూటైల్ మీద వనేడియం స్థానంలో కౌంట్లు తీయండి. అక్కడ కనిపించిన దొంగ వనేడియాన్ని రూటైల్‌లోని టైటానియంతో భాగిస్తే ఒక గుణకం వస్తుంది. ఇల్మనైట్‌లో టైటానియం ఎంతుందో దాన్ని ఆ గుణకంతో గుణించి, వచ్చిన వనేడియంలోంచి తీసేయాలి.

అదే ఇసుకలోని మోనజైట్ ఖనిజంతో, యురేనియం, థోరియం సీసంగా మారిన పాళ్లను బట్టి వయసు కట్టేవాళ్లకు ఇది ప్రాణసంకటం. సీసం ఎం-ఆల్ఫా కింద ఇట్రియం ఎల్-గామా దాగి ఉంటుంది, యురేనియం ఎం-బీటా కింద థోరియం ఎం-గామా. సీసం కొంచెం ఎక్కువ లెక్కపడినా రాయి వయసు కోట్ల ఏళ్లు ముసలిదైపోతుంది. ఇట్రియం దిద్దుబాటుకు స్టాండర్డ్ ఎంచుకునేటప్పుడు జాగ్రత్త: కృత్రిమంగా పెంచిన కొన్ని అరుదైన మృత్తికల ఫాస్ఫేట్లను సీసం ఉన్న ఫ్లక్స్‌లో పెంచారు, వాటిలో సీసం మిగిలే ఉంది. వాటితో దిద్దితే నిజమైన సీసాన్ని కూడా తీసేస్తారు. ఇట్రియం అల్యూమినియం గార్నెట్ లాంటి సీసం లేనిది వాడండి. ఇంకొకటి, మోనజైట్ సెక్షన్‌ను సీసపు పళ్లెం మీద పాలిష్ చేయించొద్దు.

బయొటైట్‌లో ఫ్లోరిన్ ఎక్కువగా వస్తే అది మల్టీలేయర్ క్రిస్టల్ మీద ఇనుము ఎల్-లైన్ ఫ్లోరిన్ మీద పడడం వల్లే. టీఏపీకి మారండి, కౌంట్లు తగ్గుతాయి, కాబట్టి సమయం పెంచండి.

పీకుల అతివ్యాప్తి ఏమీ లేకుండానే దొంగ మూలకం రావచ్చు. రూటైల్ పక్కనున్న పలుగురాయిలో టైటానియం, క్లైనోపైరాక్సీన్ పక్కనున్న ఒలివీన్‌లో కాల్షియం ఇలాంటివే. బీమ్ పక్క ఖనిజాన్ని తాకదు, కానీ అది పుట్టించిన ఎక్స్-రేలు పదుల మైక్రాన్లు ప్రయాణించి అక్కడి టైటానియాన్ని లేపుతాయి. అంచు నుంచి లోపలికి 10 మైక్రాన్లకొక పాయింటు తీయండి. విలువ అంచు వైపు నునుపుగా పెరుగుతుంటే అది నిజమైన జోనింగ్ (ఖనిజంలోనే కూర్పు చోటును బట్టి మారడం) అని రాసేముందు ఆగి ఆలోచించండి.

ముగ్గురాయిలో గంధకం కుదరదు

మంగంపేట ముగ్గురాయిని (బెరైట్‌ను, అంటే బేరియం సల్ఫేట్‌ను) పైరైట్ (ఇనుప సల్ఫైడ్) స్టాండర్డుతో కొలిస్తే గంధకం తక్కువ వస్తుంది. సల్ఫైడ్‌లోని గంధకానికీ సల్ఫేట్‌లోని గంధకానికీ కె-ఆల్ఫా స్థానం కొద్దిగా తేడా. సల్ఫేట్‌కు బెరైట్ గానీ ఆన్‌హైడ్రైట్ గానీ వాడి, పీక్‌ను దాని మీదే వెతకండి.

ఉదయం బాగుంది, సాయంత్రానికి జారింది

గది ఉష్ణోగ్రత చూడండి. పీఈటీ అనే స్పెక్ట్రోమీటర్ క్రిస్టల్ వేడికి బాగా వ్యాకోచిస్తుంది, దానితో పీక్ కదులుతుంది. ఏసీ గాలి నేరుగా స్పెక్ట్రోమీటర్ మీద పడకూడదు. మీ ఖనిజానికి దగ్గరగా ఉండే ఒక సెకండరీ స్టాండర్డును, అంటే సరిచూసుకోవడానికే కొలిచే నమూనాను (ఒలివీన్‌కు శాన్ కార్లోస్, యాంఫిబోల్‌కు కాకనుయి హార్న్‌బ్లెండ్) 20 పాయింట్లకొకసారి కొలవండి. జారుడు ఎప్పుడు మొదలైందో అదే చూపిస్తుంది, ఆ ముందు డేటా పారేయనక్కర్లేదు.

విలువలు ఒక దిక్కుకు జారకుండా అటూ ఇటూ ఊగుతుంటే యంత్రాన్ని నిందించేముందు కౌంట్లు చూడండి. 10,000 కౌంట్లకు 1 శాతం ఊగడం సహజం, 0.5 శాతానికి తేవాలంటే 40,000 కావాలి, అంటే నాలుగింతల సమయం.

పగుళ్ల దగ్గర వింత విలువలు

పాలిష్ పొడి. కొల్లాయిడల్ సిలికా మిగిలితే సిలికాన్, అల్యూమినా పొడి మిగిలితే అల్యూమినియం. 6, 3, 1, 0.25 మైక్రాన్ల డైమండ్ పేస్ట్‌తో ముగించి, ప్రతి దశ మధ్యలో అల్ట్రాసోనిక్‌లో కడగండి. పగులు నుంచి కనీసం 10 మైక్రాన్లు దూరంగా పాయింటు పెట్టండి.