బిగ్ ఓ, ఒమేగా, తీటా: ఏది ఎప్పుడు రాయాలి?

ఒక అల్గారిథం (పనిని అడుగు అడుగుగా చేసే పద్ధతి) వేగాన్ని సెకన్లలో చెబితే ఆ లెక్క ఎక్కువ కాలం నిలవదు. విజయనగరంలోని ఒక కళాశాల ల్యాబ్‌లో పాత కంప్యూటర్ చూపిన సమయానికీ, అదే ప్రోగ్రామును కొత్త ల్యాప్‌టాప్‌పై నడిపితే వచ్చే సమయానికీ పొంతన ఉండదు. అందువల్ల ఇన్‌పుట్ పరిమాణాన్ని ఎన్ అనుకొని, అల్గారిథం వేసే అడుగులను ఎన్‌కు ప్రమేయంగా ముందు రాసుకోవాలి.

పలాసలోని ఒక జీడిపప్పు వ్యాపారి ఖాతాలో ఎన్ బిల్లులు ఉన్నాయనీ, ఏదైనా బిల్లు నంబరు రెండుసార్లు పడిందేమో చూడాలనీ అనుకుందాం. ప్రతి నంబరునూ దాని తరువాత ఉన్న నంబర్లన్నిటితో పోల్చుకుంటూ పోతే, ఏ నంబరూ రెండోసారి లేని ఖాతాలో ఎన్(ఎన్−1)/2 పోలికలు అవసరమవుతాయి. వెయ్యి బిల్లులకు ఇవి 4,99,500. రెండు వేల బిల్లులకు 19,99,000. బిల్లులు రెట్టింపైతే పని దాదాపు నాలుగు రెట్లయింది. మనం పట్టుకోవలసినది ఈ పెరుగుదల తీరునే. దానికి పై హద్దు చెప్పే సంజ్ఞ బిగ్ ఓ, కింది హద్దు చెప్పేది ఒమేగా, రెండూ ఒకచోట కుదిరితే రాసేది తీటా.

ఇక ఈ పోలికల సంఖ్య ఎన్² తీరునే పెరుగుతుందనడానికి నిరూపణ. పై ప్రమేయాన్ని విడదీస్తే ఎన్²/2 − ఎన్/2 వస్తుంది. ఎన్ విలువ 1 గాని అంతకు మించి గాని ఉన్నంతవరకు ఇది (1/2)ఎన్²ను దాటదు కనుక, స్థిరాంకం 1/2తో బిగ్ ఓ(ఎన్²) అనే పై హద్దు దొరికింది. ఎన్ 2 నుండి మొదలుకొని ఇది (1/4)ఎన్² కంటే తగ్గదు కనుక ఒమేగా(ఎన్²) అనే కింది హద్దు కూడా దొరికింది. రెండు హద్దులూ ఒకే ఎన్² దగ్గర కుదిరాయి కాబట్టి తీటా(ఎన్²) అని రాయవచ్చు. స్థిరాంకాన్నీ, అసమానత ఏ ఎన్ నుండి నిలుస్తుందో ఆ విలువనూ చూపకుండా హద్దును ప్రకటిస్తే అది నిరూపణ అనిపించుకోదు.

విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే: బిగ్ ఓ అంటే వర్స్ట్ కేస్ (అత్యధిక పని పట్టే సందర్భం), ఒమేగా అంటే బెస్ట్ కేస్ (అత్యల్ప పని పట్టే సందర్భం) అని కంఠస్థం చేస్తారు. ఇది తప్పు. కేస్ అనేది ఏ ఇన్‌పుట్‌ను తీసుకున్నామో చెబుతుంది. సంజ్ఞ మాత్రం, ఆ ఇన్‌పుట్‌తో వచ్చిన ప్రమేయానికి హద్దు ఎటువైపు ఉందో చెబుతుంది. పై ఖాతాలో మొదటి రెండు నంబర్లూ ఒకటే అయితే ఒక్క పోలికతో పని ముగుస్తుంది కనుక బెస్ట్ కేస్ తీటా(1), వర్స్ట్ కేస్ తీటా(ఎన్²). ఏ ఖాతా ఇచ్చినా పని బిగ్ ఓ(ఎన్²)లోనే ఉంటుంది గాని, ఏ ఖాతాకైనా ఒమేగా(ఎన్²) అనడం కుదరదు. అందుచేత జవాబులో కేస్ పేరు ముందు రాసి, సంజ్ఞ తరువాత రాయాలి.

నంబర్లను ముందుగా, జాబితాను సగాలుగా విడదీసి వరుస పెట్టి మళ్లీ కలిపే మెర్జ్ సార్ట్‌తో వరుసలో పెట్టి, పక్కపక్క వాటిని మాత్రమే పోలిస్తే, తీటా(ఎన్ లాగ్ ఎన్) పనికి మరో ఎన్−1 పోలికలు కలుస్తాయి. పెద్ద పదమే నిలుస్తుంది కనుక మొత్తం తీటా(ఎన్ లాగ్ ఎన్). లాగ్ (సంవర్గమానం) ఆధారం 2 అయినా 10 అయినా తేడా స్థిరాంకం మేరకే కాబట్టి దానిని రాయనక్కరలేదు.

జర్మన్ గణితవేత్త పాల్ బాఖ్‌మన్ 1894లో వాడిన బిగ్ ఓ గుర్తుతో పాటు సమాన చిహ్నం రాసే అలవాటు కూడా కొనసాగుతోంది. నా దృష్టిలో అది అంత మంచి అలవాటు కాదు, ఎందుకంటే అక్కడ చెబుతున్నది సమానత్వం కాదు, ఆ ప్రమేయం ఒక సమితిలో ఉందని మాత్రమే.

ఘాతాంకాల దగ్గర మాత్రం స్థిరాంకాలను తొందరపడి కొట్టివేయకూడదు. 2^(ఎన్+1) అనేది 2^ఎన్‌కు రెండు రెట్లే కనుక బిగ్ ఓ(2^ఎన్)లో ఉంటుంది. 2^(2ఎన్) మాత్రం 4^ఎన్‌తో సమానం, దానికి 2^ఎన్‌తో ఏ స్థిరాంకమూ పై హద్దు వేయలేదు.