హత్య కేసులో డాక్టరును ఏమేమి అడగాలి

కొత్తగా ప్రాసిక్యూషన్‌లోకి వచ్చినవారు హత్య కేసు ఫైలు అందగానే ప్రత్యక్ష సాక్షుల వాంగ్మూలాల మీద పడతారు. నా మాట విని ముందు పోస్టుమార్టం నివేదికను, శవపంచనామాను (శవాన్ని పైపైన చూసి పోలీసులు రాసే నివేదిక) పక్కపక్కన పెట్టి చదవండి. పంచనామాలో రెండు గాయాలు ఉండి, డాక్టరు నాలుగు రాస్తే డిఫెన్సు లాయరు దాన్ని పట్టుకుని వదలడు. కంగారు పడనక్కర్లేదు. చావు అనుమానాస్పదమా కాదా, పైకి కనిపించే కారణం ఏమిటి అని చూడడం వరకే పంచనామా పని అని 1975లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది.

తర్వాత పోస్టుమార్టం నివేదిక చివరి పంక్తి చూడండి. 'గుండె, శ్వాస ఆగిపోవడం వల్ల మరణం' అని ఉంటే అక్కడ కారణం లేనట్టే. ఎవరి ప్రాణమైనా పోయేది అలాగే కదా! గుండె ఎందువల్ల ఆగిందో డాక్టరు నోటితో చెప్పించాలి. అవతలి పక్షం నివేదికను ఒప్పుకుంటే తప్ప, ఆ కాగితం తనంతట తాను సాక్ష్యం కాదు. డాక్టరు బోనెక్కాల్సిందే.

బోనులో ఉన్న డాక్టరుకు ఆయుధం చూపించడం మరవకండి. సీలు విప్పించి, కత్తి చేతికిచ్చి, 'మీరు రాసిన మొదటి గాయం దీనితో అయ్యే అవకాశం ఉందా?' అని అడగండి. గాయం వెడల్పు, లోతు, అంచులు ఎలా ఉన్నాయో ఒక్కొక్కటిగా రికార్డులోకి రావాలి. ఆ వెంటనే అడగాల్సింది ఇది: 'ఈ గాయం సహజ పరిస్థితుల్లో మరణానికి దారితీసేదేనా?' కావాలని చేసిన గాయం సహజంగా చావుకు సరిపోయేదైతే, చంపాలన్న ఉద్దేశం లేకపోయినా అది హత్యేనని 1958 నాటి విర్సా సింగ్ తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది; అందుకే ఈ ప్రశ్నకు అంత విలువ. దీనికి జవాబు రికార్డులో లేకపోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 103 (హత్య) కింద పెట్టిన కేసు 105కు (హత్య కిందికి రాని ప్రాణహరణం) జారిపోవచ్చు.

అసలు చిక్కు బాధితుడు ఆసుపత్రిలో కొన్నాళ్లుండి చనిపోయినప్పుడు వస్తుంది. కడుపులో పొడిస్తే పేగు తెగింది, మలం లోపలికి కారింది, చీము పట్టింది, రక్తానికి ఇన్ఫెక్షన్ పాకింది. నివేదికలో 'సెప్టిసీమియా' అన్న ఒక్క మాటే ఉంటుంది. 'చంపింది వైద్యం, మా ముద్దాయి కాదు' అని వాదన మొదలవుతుంది. మంచి వైద్యం అంది ఉంటే బతికేవాడన్నా సరే, గాయం వల్ల చావు వస్తే గాయం చేసినవాడే చావుకు కారకుడని అదే సంహిత సెక్షన్ 100 వివరణలోనే ఉంది. అయితే సెక్షన్ చదివి ఊరుకుంటే చాలదు. ఆసుపత్రిలో చికిత్స వివరాలు రాసిన కేసు షీటు తెప్పించండి, ఆపరేషన్ చేసిన సర్జన్‌ను కూడా పిలవండి, పేగు తెగడం నుంచి ప్రాణం పోవడం దాకా తేదీల వారీగా చెప్పించండి.

విషం కేసైతే విస్రాకు (పరీక్ష కోసం శవం నుంచి తీసిన లోపలి అవయవాల భాగాలు) వేసిన సీలు ల్యాబుకు చేరేదాకా చెక్కుచెదరలేదని నిరూపించాలి. చావు విషం వల్లేనని తేలాక కూడా, ఆ విషం ముద్దాయి దగ్గర ఉందని, పెట్టే అవకాశం అతనికి దొరికిందని విడిగా చూపించాలి. దీని మీద 1984లో సుప్రీంకోర్టు ఇచ్చిన శరద్ సర్దా తీర్పు తప్పక చదవండి.

చివరిగా క్రాస్, అంటే డిఫెన్సు లాయరు డాక్టరును ప్రశ్నించడం. 'కింద పడినా ఇలాంటి దెబ్బ తగలవచ్చు కదా?' అంటే ఏ నిజాయితీ గల డాక్టరైనా 'తగలవచ్చు' అంటారు. దానికి డాక్టరు మీద విసుక్కోకండి. రీ-ఎగ్జామినేషన్‌కు (క్రాస్ తర్వాత మన సాక్షిని మనం మళ్లీ ప్రశ్నించడానికి) అనుమతి అడిగి, 'ఈ శవం మీద, ఈ చోట, ఇన్ని దెబ్బలు ఒక్కసారి పడితే తగులుతాయా?' అని అడిగి కూర్చోండి.