కంప్యూటర్ మారాక ఫైళ్లు తేడాగా తెరుచుకుంటుంటే

విండోస్ నుంచి లినక్స్‌కో మ్యాక్‌కో మారేటప్పుడు చాలామంది ఫీచర్ల పట్టిక చూసి ఆఫీస్ సాఫ్ట్‌వేర్ ఎంచుకుంటారు. దానికన్నా మీ దగ్గరున్న ఫైళ్లలో అన్నిటికన్నా పేచీకోరు ఫైలును తెరిచి చూడటం నయం. లిబ్రెఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనూ నడుస్తుంది కాబట్టి ఆ పరీక్ష పాత కంప్యూటర్‌లోనే మొదలుపెట్టొచ్చు.

సమస్య: ఒక పేజీ లెటర్ రెండో పేజీలోకి జారిపోయింది, టేబుల్స్ చెదిరాయి

కారణం: అందరూ సాఫ్ట్‌వేర్‌ను తిడతారు గానీ తప్పు ఎక్కువగా ఫాంటుదే. ఆఫీస్ 2007 నుంచి చాలా ఏళ్లు వర్డ్‌లో డిఫాల్ట్‌గా వచ్చిన కాలిబ్రి లినక్స్‌తో రాదు. దాని బదులు వచ్చిన ఫాంటులో అక్షరాలు కాస్త వెడల్పుగా ఉంటే చాలు, లైన్లన్నీ వేరే చోట విరుగుతాయి. లిబ్రెఆఫీస్‌లో ఆ వాక్యం మీద క్లిక్ చేసి పైన ఫాంటు పేరు చూడండి. పేరు ఇటాలిక్స్‌లో కనిపిస్తే ఆ ఫాంటు మీ దగ్గర లేనట్టే.

పరిష్కారం: కార్లిటో ఫాంటు లేకపోతే వేసుకోండి. అక్షరాల వెడల్పు కాలిబ్రికి సమానం కాబట్టి పేజీలు దాదాపు ఎక్కడివక్కడ కుదురుకుంటాయి. కేంబ్రియాకు కలాడియా, టైమ్స్ న్యూ రోమన్‌కు లిబరేషన్ సెరిఫ్ అలాంటివే.

సమస్య: తెలుగు ఫైలు తెరిస్తే పిచ్చి గుర్తులు

అది అను లాంటి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ అక్షరాలను ఒకేలా గుర్తించే పద్ధతి) కాని ఫాంటులో టైప్ చేసిన ఫైలు అయి ఉంటుంది. ఏ ఆఫీస్ సాఫ్ట్‌వేర్ కొన్నా ఇది బాగుపడదు. పాత కంప్యూటర్ చేతిలో ఉండగానే కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు సరిగ్గా వచ్చాయో లేదో చదివి చూసుకోండి. గుర్తులు కాకుండా డబ్బాలు కనిపిస్తుంటే మాత్రం పని తేలిక: నోటో సాన్స్ తెలుగు ఫాంటు వేస్తే చాలు.

సమస్య: ఎక్సెల్ షీటులో బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు

బటన్ వెనక వీబీఏ మ్యాక్రో, అంటే షీటులో పనులు దానంతటదే చేసిపెట్టే చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది. లిబ్రెఆఫీస్ వీటిలో కొన్నిటినే నడపగలదు. మ్యాక్‌లోనైతే మైక్రోసాఫ్ట్ సొంత ఎక్సెల్‌లో కూడా యాక్టివ్ఎక్స్ అనే విండోస్ రకం బటన్లు పనిచేయవు. మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్ యాక్సెస్ అయితే మ్యాక్‌కు అసలు లేనే లేదు. చిన్న మ్యాక్రో అయితే తిరగరాయించండి. నెలవారీ లెక్కలన్నీ దాని మీదే నడుస్తుంటే మొండికెయ్యకండి, ఆ ఒక్క పనికి వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌లా నడిచే సాఫ్ట్‌వేర్‌లో) విండోస్ ఉంచుకోండి.

సమస్య: పంపిన ఫైలు అవతలివాళ్లకు తెరుచుకోవట్లేదు

మ్యాక్‌తో వచ్చే పేజెస్ సాఫ్ట్‌వేర్‌లో చేసిన ఫైలు వర్డ్‌లో తెరుచుకోదు, వర్డ్ ఫార్మాట్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేసి పంపాలి. లిబ్రెఆఫీస్‌లోనైతే ఆప్షన్స్‌లోని లోడ్/సేవ్ కింద డిఫాల్ట్ ఫార్మాట్‌ను ఒకసారి వర్డ్‌కు మార్చేస్తే సరిపోతుంది. వాళ్లు చదవడానికే అయితే పీడీఎఫ్ పంపండి.