తాబేలు గూట్లో లాగర్ పెట్టేముందు

జనవరి నుంచి మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఇసుక వేడెక్కితే ఆడపిల్లలు, చల్లబడితే మగపిల్లలు ఎక్కువ. అందుకే గూట్లో లాగర్ (ఉష్ణోగ్రతను తనంతట తానే నమోదు చేసుకునే చిన్న పరికరం) పెడతాం. లెక్క తప్పకూడదంటే ఇవి చూసుకోండి.

- ఇది వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1 జీవి, అంటే అత్యధిక రక్షణ ఉన్నది. అటవీశాఖ అనుమతి చేతికి రానిదే గూడు ముట్టుకోవద్దు.

- మెమరీ లెక్క ముందే వేయండి. ఐబటన్ హైగ్రోక్రాన్‌లో (బిళ్లంత ఉండే, తేమ కూడా కొలిచే లాగర్) ఉష్ణోగ్రత, తేమ రెండూ సూక్ష్మంగా కావాలంటే ఒక్కోదానికి 2048 రీడింగులే. అరగంటకొకటి చొప్పున 42 రోజులకు నిండిపోతుంది. గుడ్లు పొదగడానికి 45 నుంచి 60 రోజులు! గంటకొకటి పెడితే 85 రోజులు వస్తుంది. 'రోల్ఓవర్' ఆన్‌లో ఉందేమో కూడా చూడండి, ఉంటే పాత రీడింగులు చెరిగిపోతాయి.

- నలిపిన ఐసు, నీళ్లు కలిపిన గ్లాసులో ఉష్ణోగ్రత లాగర్లను పల్చటి కవర్లో చుట్టి ముంచండి. సున్నా దగ్గర నిలవాలి. తేడా ఉంటే లాగర్ నంబరుతో సహా రాసుకోండి.

- తేమ లాగర్‌కు (హైగ్రోక్రాన్) చిన్న రంధ్రం ఉంటుంది, దాన్ని తడి ఇసుకలో పాతొద్దు. హేచరీ (గుడ్లను తెచ్చి పొదిగించే చోటు) నీడలో వేలాడదీయండి. గూట్లోకి ఉష్ణోగ్రత లాగరే.

- ల్యాప్‌టాప్ గడియారం సరిచూశాకే మొదలుపెట్టండి. ఒకసారి నేను మర్చిపోయి, మధ్యాహ్నపు వేడి అర్ధరాత్రి కనిపిస్తుంటే రెండు రోజులు తల పట్టుకున్నాను.

- గుడ్లు హేచరీకి మారుస్తున్నప్పుడే లాగర్‌ను వాటి మధ్యలో పెట్టండి, గుడ్డు మాత్రం తిరగబడకూడదు. లాగర్‌కు కట్టిన నైలాన్ దారం పైకి తెచ్చి కర్రకు కట్టండి. దారం కొస ఇసుకలో కప్పేయండి, కుక్కలు లాగేస్తాయి.