ప్రసవం తర్వాత కుంగిపోతున్న తల్లికి ఇంట్లోవాళ్లు ఎలా తోడుండాలి?

పురిటింట్లో అందరి చూపూ బిడ్డ మీదే. బాలింతను పలకరించినా 'పాలు పడుతున్నాయా?' అన్న ప్రశ్నతోనే సరిపెడతారు. ఆమె కుంగిపోతున్న సంగతి అందుకే ఆలస్యంగా బయటపడుతుంది.

1. ముందు రోజులు లెక్కపెట్టండి

కాన్పయిన రెండు మూడు రోజులకు ఊరికే ఏడుపు రావడం, చిరాకు పడడం మామూలే. రెండు వారాల్లో సర్దుకుంటుంది. ఆ తర్వాతా దిగులు వదలకపోయినా, బిడ్డ పడుకున్నా తనకు నిద్ర పట్టకపోయినా, 'నేను మంచి తల్లిని కాను' అంటున్నా అది ప్రసవానంతర కుంగుబాటు కావచ్చు. ఏడాదిలోపు ఎప్పుడైనా మొదలవుతుంది. దిష్టి తీయాలనిపిస్తే తీయండి, కానీ ఆ పూటే డాక్టరు దగ్గరకూ బయలుదేరండి.

2. నోరు అదుపులో పెట్టుకోండి

'మేమంతా కనలేదా?', 'బంగారం లాంటి బిడ్డను పెట్టుకొని ఏడుపేమిటి?' అనకండి. 'రాత్రి కాసేపైనా పడుకున్నావా అమ్మా?' అని అడిగి, చెప్పింది వినండి. సలహాలు తర్వాత.

3. రాత్రి పని పంచుకోండి

అన్నిటికంటే పెద్ద సాయం ఇదే. పాలవేళకు బిడ్డను తెచ్చి ఒడిలో పెట్టాలి. తాగగానే తీసుకొని, భుజాన వేసుకొని త్రేన్పు తెప్పించి, తడిగుడ్డ మార్చి, జోకొట్టేది భర్తో, అమ్మమ్మో అయి ఉండాలి. ఆమె అటు తిరిగి పడుకుంటే చాలు. భార్య పుట్టింట్లో ఉందని ఆదివారం చుట్టంలా వచ్చిపోయే భర్తలకు ఈ మాట గట్టిగానే చెప్పాలి.

4. డాక్టరు దగ్గరకు వెంట వెళ్లండి

కాన్పు చేసిన డాక్టరుతోనే మొదలుపెట్టవచ్చు. 1987లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో రూపొందించిన పది ప్రశ్నల పట్టికను ఈ కుంగుబాటును గుర్తించడానికి ఇప్పటికీ వాడుతున్నారు. రక్తహీనత, థైరాయిడ్ పరీక్షల గురించీ అడగండి. మందులు రాస్తే, పాలిస్తున్న సంగతి చెప్పండి. పాలిస్తూ వాడగలిగినవి ఉన్నాయి. మానసిక వైద్యుడి దగ్గరకు పంపితే 'నలుగురూ ఏమనుకుంటారో' అని వెనకాడకండి. ముందుగా ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ ఉంది, నంబరు 14416. ఉచితం, తెలుగులోనూ పలుకుతారు. బిడ్డను చూడడానికి వచ్చే ఆశా కార్యకర్తకూ విషయం చెప్పండి.

5. ఆగకూడని సందర్భం

చచ్చిపోతానన్నా, బిడ్డకు హాని చేస్తానేమో అన్నా, లేని గొంతులు వినిపిస్తున్నాయన్నా, నిద్ర లేకుండా పొంతనలేని మాటలు మాట్లాడుతున్నా క్షణం కూడా ఒంటరిగా వదలకండి. బిడ్డను వేరొకరికి అప్పగించి, 108కి ఫోన్ చేసి ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

6. తేరుకునేదాకా

మందులు గుణం చూపడానికి కొన్ని వారాలు పడుతుంది. కాస్త నవ్విందని మీ అంతట మీరు ఆపేయకండి. అత్తింటికి పంపేముందు అక్కడ రాత్రిళ్లు బిడ్డను ఎవరు చూస్తారో తేల్చుకోండి. మందుల చీటీని బిడ్డ టీకా కార్డుతో పాటే సంచిలో పెట్టండి.