కథ రాయడం నేర్చుకుందాం – 6వ పాఠం: విలన్‌ను మళ్లీ పెంచి చూద్దాం

పోయిన పాఠంలో, మీ కథలోని విలన్ చేసే పాడు పనులన్నీ ఒక కాగితం మీద రాసిపెట్టుకోమన్నాను. ఆ కాగితం తీయండి. ఈసారి ఆ మనిషి చిన్నతనాన్ని మారుద్దాం. ప్రేమగా చూసుకునేవాళ్ల చేతుల్లో పెంచి, మళ్లీ అదే వయసుకు, అదే కుర్చీలోకి తెచ్చి కూర్చోబెడదాం. కాగితం మీది పనుల్లో ఏవి రాలిపోతాయో, ఏవి మిగులుతాయో చూద్దాం.

కొత్తగా రాసేవాళ్లు ఎక్కువగా ఇక్కడే జారిపోతారు. అమ్మ ముద్దు చేసింది, పిల్లవాడు మంచివాడయ్యాడు, శుభం. అప్పుడు విలనూ పోతాడు, కథా పోతుంది. అందుకని ఒక్క షరతు పెట్టుకోండి: చిన్నతనంలో ఒకే ఒక్క మనిషిని మార్చాలి. ఆస్తి, కులం, ఊరు, పుట్టుకతో వచ్చిన కోపం, తెలివి, మొండితనం, ఏవీ ముట్టుకోవద్దు.

శిశుపాలుడితో మొదలుపెడదాం. భారతం సభాపర్వంలో భీష్ముడు అతని పుట్టుక కథ చెబుతాడు. మూడు కళ్లతో, నాలుగు చేతులతో పుట్టి, గాడిదలా ఓండ్ర పెట్టాడట. కన్నవాళ్లు భయపడి వదిలేద్దామనుకున్నారు. వదలొద్దని ఆకాశవాణి చెప్పింది. ఎవరి ఒడిలో పెడితే ఎక్కువున్న చేతులు రాలి, మూడో కన్ను మాయమవుతుందో, ఆ మనిషి చేతిలోనే వీడి చావు అని కూడా చెప్పింది. ఇక చూడటానికి వచ్చిన ప్రతి రాజు ఒడిలోనూ పిల్లవాణ్ని పెట్టారు. చివరికి మేనత్తను చూడటానికి వచ్చిన కృష్ణుడి ఒడిలో చేతులు రాలాయి. తల్లి ఆయన్ను బతిమాలుకుని, నూరు తప్పులు కాస్తానని మాట తీసుకుంది.

ఈ కథను పెద్దవాళ్ల ఎత్తు నుంచి చదివితే వింతగా ఉంటుంది. పిల్లవాడి ఎత్తు నుంచి చదవండి. ఎత్తుకున్న ప్రతివాడూ ముఖం చూడడు, భుజాలు చూస్తాడు. పక్కన అమ్మ ఊపిరి బిగబట్టి ఉంటుంది. ఏమీ జరగకపోతే మరో ఒడి. ఆమెకు ప్రేమ లేదని ఎవరంటారు? ఉంది. కానీ ఆ ప్రేమ పిల్లవాడిదాకా వచ్చేసరికి భయమై వచ్చింది. పైగా, తన ప్రాణం ఫలానా బంధువు దయ మీద ఉందని, ఆ దయకు లెక్క కూడా ఉందని వింటూ పెరిగిన కుర్రవాడు ఆ బంధువును ఎలా చూస్తాడు?

ఇప్పుడు ఒక్క మనిషిని పెట్టండి. ఆకాశవాణి మాట చెవిన పడని ముసలి దాది అనుకుందాం. నాలుగు చేతులకూ నూనె రాస్తుంది, ఇరవై వేళ్లూ ఒక్కొక్కటే విరుస్తూ లెక్క చెబుతుంది. ఆమె ఒడి పరీక్ష పెట్టే ఒడి కాదు. ఆ పిల్లవాడు చేది రాజై, ధర్మరాజు రాజసూయానికి వచ్చాడు. కృష్ణుడికి అగ్రపూజ చేస్తున్నారు. ఊరుకుంటాడా? నా లెక్కలో ఊరుకోడు. తనతో పెళ్లి ఖాయమైన రుక్మిణిని ఎత్తుకుపోయినవాడు ఎదురుగా ఉన్నాడు, ఆ మంట ఏ దాది చేతి నూనెకూ ఆరదు. లేచి, ఇంతమంది పెద్దలుండగా ఇది తగదని రెండు ముక్కలు చెప్పి, తన వాళ్లతో బయటికి నడుస్తాడు. రాలిపోయింది ఆ తిట్ల వరస ఒక్కటే. కానీ చక్రం లేచింది దానివల్లే.

ఒక్క మనిషితో ఏమవుతుందని అనుమానమా? హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాలపాటు గమనించింది. పేదరికం, ఇంట్లో గొడవల్లాంటి కష్టాలు ఒకటికి నాలుగు మీద పడ్డ పిల్లల్లోనూ సుమారు మూడో వంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. అలాంటివాళ్లకు చిన్నప్పుడు అండగా కనీసం ఒక్కరు ఉండటం మాటిమాటికీ కనిపించింది. కన్నవాళ్లే కానక్కర్లేదు. తాతో, అవ్వో, టీచరో. కథకుడికి ఇది మంచి వార్త. విలన్ ఇల్లంతా కూలగొట్టి కట్టే పని తప్పుతుంది.

అయితే ప్రేమ అనగానే గారాబం రాయకండి. దుర్యోధనుడు పుట్టినప్పుడు అపశకునాలు చూసి విదురుడు వదిలేయమన్నాడు, ధృతరాష్ట్రుడు వదల్లేదు. కావాల్సినంత ప్రేమ. వద్దని గట్టిగా చెప్పే నోరే లేదు. అతని పక్కనే తిరిగిన కర్ణుణ్ని కన్నతల్లి నదిలో వదిలింది, కానీ రాధ ఇంట్లో లోటేమీ లేదు. ఉద్యోగపర్వంలో, నన్ను చూడగానే ఆమెకు పాలు చేపుకొచ్చాయి, నా మలమూత్రాలు ఎత్తింది, ఆమెను ఎలా కాదనను అని కృష్ణుడికి తనే చెబుతాడు. కర్ణుడికి దెబ్బ తగిలింది ఇంట్లో కాదు, పదిమందిలో కులం అడిగిన రంగస్థలంలో. అలాంటివాడికి ఇంట్లో ఇంకో అమ్మను పెట్టి లాభం లేదు. ముందు దెబ్బ ఎక్కడ తగిలిందో వెతకండి.

తెలంగాణ పల్లెల్లో గడి అనే కోటలాంటి ఇంట్లో ఉండి పెత్తనం చేసిన దొరను విలన్‌గా ఎంచుకున్నవాళ్లకు ఇంకో చిక్కు. దొర బిడ్డకు ప్రేమ కొరత ఉండదు. అమ్మతో పాటు ఆడబాప (గడిలో వెట్టిచాకిరీ చేసే దాసి) చంకలో పెరుగుతాడు, ఆమె చేతి ముద్దే తింటాడు. అదే పిల్లవాడు పదేళ్లకు ఆమెను 'ఏయ్' అని పిలవడం నేర్చుకుంటాడు, ఎవరూ తప్పనరు. కాదనే వీలు లేని మనిషి నుంచి వచ్చిన ప్రేమ పిల్లవాడికి ఏం నేర్పుతుంది? దీని మీద ఒక పేజీ రాసి చూడండి. నాకైతే మన జిల్లాల కథల్లో ఇంకా సరిగా తవ్వని చోటు ఇదే అనిపిస్తుంది.

ఇక మన వీరేశం దగ్గరికి. మొదటి పాఠం నుంచి మనం అల్లుకుంటూ వస్తున్న అడ్తిదారు, అంటే రైతుల సరుకు కమీషన్‌కు అమ్మిపెట్టే వ్యాపారి. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో దుకాణం, మిర్చి సీజను. కాగితం మీద వాడి పనులు ఐదున్నాయి. బస్తాలో చెయ్యి పెట్టి, కాయ తీసి నలిపి, మంచి తేజ రకాన్ని కూడా తాలు (రంగు పోయిన నాసిరకం) అంటాడు. జెండా పాట (ఆ రోజు వేలంలో పలికే పై ధర) ఎంత పలికినా, తన దగ్గర అప్పున్న రైతుకు ఆ ధర రానివ్వడు. కాంటా దగ్గర తూకంలోంచి తరుగు పేరుతో కొంత కోస్తాడు. రైతును పొద్దుగూకేదాకా దుకాణం ముందు నిలబెడతాడు. అతని కొడుకు వింటుండగా 'నీ మొఖానికి గీ ధరే ఎక్కువ' అంటాడు.

పాత చిన్నతనం మీకు గుర్తే. హమాలీ తండ్రి పోయాక మేనమామ ఇల్లు. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది పెట్టేవాళ్లు, గోడ పక్కన నిలబడి తినేవాడు.

ఇప్పుడు మేనమామను తీసేసి బాపమ్మను (నాయనమ్మను) పెడదాం. కాజీపేట స్టేషను బయట మక్క కంకులు కాల్చి అమ్ముతుంది. డబ్బు అంతే, ఇల్లు అంతే. రాత్రి వాడు వచ్చేదాకా తినదు. 'నువ్వు రాంది నాకు బుక్క దిగది బిడ్డా' అంటుంది. ఇద్దరూ కూర్చుని తింటారు. ఇంతకంటే ఎక్కువ రాయొద్దు. బాపమ్మ చేత నీతులు చెప్పించారో, పాఠకుడు పేజీ తిప్పేస్తాడు. పిల్లవాణ్ని ఎవరు కూర్చోబెట్టారు, ఎవరు ఎదురుచూశారు, కంచంలో ఏముంది అన్నవి చాలు.

ముప్పై ఏళ్లు దాటించండి. అదే దుకాణం, అదే సీజను. రైతు వచ్చాడు. వీరేశం స్టూలు జరుపుతాడు. 'కూసో అన్నా, తిన్నవా?' చాయ్ తెప్పిస్తాడు. నిలబెట్టడం పోయింది, ఆ మాటా పోయింది. వాడికిప్పుడు ఇంకొకణ్ని చిన్నబుచ్చాల్సిన అవసరం లేదు.

తరుగు? పోలేదు. పక్క దుకాణం వాడూ కోస్తున్నాడు, వీడికీ పైన ఫైనాన్స్ వాళ్లకు కట్టాల్సింది ఉంది. అప్పున్న రైతు సరుకు తన దగ్గరికే రావాలి, తను చెప్పిన ధరకే పోవాలి. అదీ పోలేదు. తాలు మాట కూడా పోలేదు, కానీ గొంతు మారింది. కాయ నలిపి, నిజంగానే బాధపడుతున్నట్టు 'ఏం జేద్దామే అన్నా, మంచు వట్టింది' అంటాడు. రైతు ఆటోలో ఇంటికి పోతూ 'వీరేశం మంచోడు' అనుకుంటాడు.

చూశారుగా, విలన్ ఇంకా ముదిరాడు. పాత వీరేశం మీద రైతుకు కోపమైనా వచ్చేది. ఆ అవమానం చూసిన కొడుకు పగబట్టడం మీదే మన పాత కథ నడిచింది. ఇప్పుడు కొడుకు చూసిందల్లా స్టూలు, చాయ్. మరి ఎవరికి, ఎలా తెలుస్తుంది? నేనైతే ఇలా రాస్తాను: ఇంటర్ చదువుతున్న కొడుకు ఓ రాత్రి ట్రంకుపెట్టెలోని పాత తక్‌పట్టీలు (సరుకు అమ్మినప్పుడు అడ్తిదారు ఇచ్చే లెక్క చీటీలు) ముందేసుకుని కూడుతుంటాడు. బస్తాలెన్ని, తూకమెంత, చేతికొచ్చిందెంత. కూడిక ప్రతి ఏడూ ఒకే వైపు తప్పుతుంది. తండ్రికి చెబితే 'ఊకో, ఆయన మనోడు' అంటాడు.

రాలిన రెండూ చిన్నతనం నుంచి వచ్చినవి. మిగిలిన మూడూ మార్కెట్ నుంచి వచ్చినవి. మీ విలన్ కాగితం మీద కూడా ఇలాగే గీత గీయండి. అన్నీ రాలిపోతే మీ విలన్‌కు గాయం తప్ప బతుకు లేదన్నమాట, నాలుగో పాఠంలోని ఉద్యోగం, అప్పులు, బాధ్యతల భాగం మళ్లీ చదవండి. ఒక్కటీ రాలకపోతే, మీరు పెట్టిన మనిషి తప్పు చోట ఉన్నట్టు. కర్ణుడి లెక్క చూసుకోండి.

ఇంటి పని: పెంచిన మనిషితో ఒక సన్నివేశం, పెద్దయ్యాక ఒక సన్నివేశం, రెండూ ఒక్కో పేజీ దాటొద్దు. మొదటిదానిలో 'ప్రేమ' అనే మాట వాడొద్దు. వచ్చే పాఠంలో కథను ఆ కొడుకు వైపు నుంచి రాస్తాం. అప్పటిదాకా తెలిసిన రైతు ఎవరైనా ఉంటే ఒక తక్‌పట్టీ అడిగి తీసుకుని, అందులో ఏమేం గడులున్నాయో, దేన్ని దేనిలోంచి తీసేస్తారో నోటుబుక్కులో రాసుకుని రండి.